నల్ల గౌనులో పోలిష్ ప్రభువంశ మహిళ: 19వ శతాబ్దపు తైలవర్ణ చిత్రానికి పరీక్ష, శుభ్రత, మరమ్మతు (కేస్ స్టడీ)

కొలత 116 × 89 సెంటీమీటర్లు. ఫ్రెంచి కాన్వాస్ వ్యాపారులు 50 నంబరు పోర్ట్రెయిట్ సైజుగా అమ్మినది ఇదే. ముప్ఫై ఏళ్లుంటాయనిపించే స్త్రీ, మోకాళ్ల దాకా కనిపించేలా నిలబడి ఉంది. నల్ల పట్టు గౌను, మెడ చుట్టూ సన్నటి తెల్ల లేసు, మధ్య పాపిడి తీసి చెవుల మీదుగా వెనక్కి దువ్వి కింద ముడి వేసిన జుట్టు. కుడి చేయి కుర్చీ వీపు మీద ఆనించి ఉంది, ఆ మణికట్టుకు గొలుసులాంటి కడియం. ఎడమ చేతికి బంగారు ఉంగరం. మెడ కింద ఛాతీ మీద లేసు కుచ్చు, దాని మధ్యలో పసుపు రంగు బ్రోచ్. ఎడమ పై మూలలో వంశచిహ్నం ఉన్న డాలు, దాని మీద తొమ్మిది ముత్యాల కిరీటం. చిత్రకారుడి సంతకం ఎక్కడా లేదు.

ఈ చిత్రం దక్షిణ పోలండ్‌లో ఒక కుటుంబం దగ్గర ఉంది. వాళ్ల పేరు, ఊరు ఇక్కడ ఇవ్వడం లేదు. ఆ ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే మాట ఒకటుంది: ఛాతీ మీద బ్రోచ్ ఉన్న చోట మొదట ఇంకేదో ఉండేదని, రష్యా పోలీసుల భయంతో 1860లలోనే దాని మీద రంగు పూశారని. చిత్రం బాగా నల్లబడింది కాబట్టి శుభ్రం చేసి "వెలుగు తెప్పించమని" కోరారు.

నల్ల దుస్తుల చిత్రం విషయంలో ఈ కోరికే ప్రమాదకరమైనది. ముఖాన్నో ఆకాశాన్నో శుభ్రం చేసేటప్పుడు ఎక్కడ ఆగాలో కంటికి తెలుస్తుంది. పసుపు పోతుంది, కింది తెలుపు, నీలం బయటపడతాయి. నలుపులో ఆ గుర్తు లేదు. మురికీ నల్లగానే ఉంటుంది, పాత వార్నిషూ ముదురుగానే ఉంటుంది, చిత్రకారుడు చివర్లో వేసిన పలుచని, పారదర్శకమైన నల్ల పైపొర (గ్లేజ్) కూడా నల్లగానే ఉంటుంది. దూది పుల్లకు అంటినది వీటిలో ఏదో తెలియకుండా ముందుకు వెళితే గౌను మడతలన్నీ పోయి చదునైన నల్ల ముద్ద మిగులుతుంది. 19వ శతాబ్దపు పోర్ట్రెయిట్లలో ఇలా పాడైనవి చాలా ఉన్నాయి. అందుకే ఇక్కడ మొదట తేలాల్సింది ఈ నలుపులో ఏ భాగం ఎవరిది అన్నది.

ఆ నలుపు ఎందుకు

అప్పటికి పోలండ్ రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాల మధ్య పంపకమై ఉంది. 1861 ఫిబ్రవరి 27న వార్సా వీధుల్లో రష్యా సైన్యం కాల్పులకు ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత ఆర్చిబిషప్ ఫియల్‌కోవ్‌స్కీ పిలుపుతో దేశమంతా శోకదుస్తులు ధరించింది. ముఖ్యంగా స్త్రీలు రంగు బట్టలు, వజ్రాలు, బంగారం పక్కనబెట్టి నల్ల గౌన్లు కట్టారు. నల్ల చెక్క, జెట్ అనే నల్ల శిలాజం, ఇనుము, నల్ల ఎనామిల్‌తో చేసిన నగలు పెట్టుకున్నారు. వాటిలో శిలువలు, ముళ్ల కిరీటాలు, సంకెళ్ల రూపంలో ఉన్న కడియాలు ఎక్కువ. రష్యా పాలన మీద 1863 జనవరిలో తిరుగుబాటు మొదలయ్యాక రష్యా అధికారులు ఈ దుస్తులను నిషేధించి జరిమానాలు వేశారు. సొంత ఇంట్లో చావు జరిగినవాళ్లు కూడా నలుపు కట్టుకోవాలంటే అనుమతి చూపాల్సి వచ్చేది. పోలిష్ చిత్రకారుడు ఆర్తూర్ గ్రోట్గెర్ ఆ ఏళ్లలో గీసిన బొమ్మల్లో కనిపించే నల్ల బట్టల స్త్రీలు ఈ శోకంలో ఉన్నవాళ్లే.

అయితే నల్ల గౌను ప్రతిదీ దేశశోకం కాదు. విధవరాలు నలుపే కట్టేది, పారిస్‌లో ఫ్యాషన్ కోసం కట్టేవాళ్లూ ఉండేవారు. ఈ చిత్రంలో తలకు విధవ టోపీ లేదు. చేతికి ఉంగరం ఉంది గానీ, విధవరాలు కూడా ఉంగరం తీయకపోవచ్చు కాబట్టి అది ఎటూ తేల్చదు. తేల్చే సామర్థ్యం ఉన్నది కుడి మణికట్టు కడియమే. మైక్రోస్కోపు కింద చూస్తే ఒక్కో లంకె మూడే కుంచె తాకిళ్లతో వేశాడు: ముదురు బూడిదతో గుండ్రని గీత, లోపలి అంచున నల్ల నీడ, పైన నీలం కలిసిన తెలుపు చుక్క. ఉంగరం మీది మెరుపులో పసుపు, దాని కింద గోధుమ రంగు ఉన్నాయి. కడియంలో పసుపు రేణువు ఒక్కటీ లేదు. వెండికి వేసే పదునైన తెల్ల మెరుపూ లేదు. చిత్రకారుడు ఇనుము చూపించాలనే వేశాడు. ప్రభువంశపు స్త్రీ పోర్ట్రెయిట్‌కు నిలబడి ఇనుప కడియం పెట్టుకుందంటే అది పేదరికం వల్ల కాదు.

పరీక్షలో తేలినవి

రంగు జోలికి వెళ్లే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పోలండ్ నుంచి వచ్చే ఏ పాత చిత్రానికైనా వెనకవైపు చీటీలు, ముద్రలు, అంకెలు ఫొటో తీసి, ఆ దేశ సాంస్కృతిక శాఖ నిర్వహించే యుద్ధ నష్టాల జాబితాలోనూ, ఇంటర్‌పోల్ దొంగ కళాఖండాల జాబితాలోనూ వెతకాలి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశంలో దోచుకోబడిన, తగలబడిన చిత్రాలు లెక్కలేనన్ని. ఈ చిత్రం కాన్వాస్‌ను బిగించిన చెక్క చట్రం పై కడ్డీ మీద నీలం పెన్సిల్‌తో రాసిన ఒక అంకె, సగం చిరిగిన చీటీ ఉన్నాయి. వాటితో గానీ, కొలతతో గానీ, వర్ణనతో గానీ సరిపోలే నమోదు దొరకలేదు. ఈ వెతుకులాట ఫలితాన్ని తేదీతో సహా ఫైల్లో పెట్టాకే పని ఒప్పందం మీద సంతకాలు జరిగాయి.

కాన్వాస్ సాదా నేత నార గుడ్డ. వెనకవైపు మొత్తాన్ని కొత్త కాన్వాస్‌కు అంటించడం, అంటే లైనింగ్, ఎప్పుడూ జరగలేదు. రంగు కింద వేసే తెల్ల పూత (ప్రైమింగ్) రెండు పొరలు, సుద్ద కలిపిన సీసపు తెలుపు. అది మేకులు కొట్టిన అంచుల దాకా వ్యాపించి ఉంది కాబట్టి దుకాణంలో ముందే ప్రైమింగ్ చేసిన చుట్ట నుంచి కత్తిరించిన గుడ్డ ఇది.

నేపథ్యంలో ఆకుపచ్చ ఛాయ ఉన్న ముదురు గోధుమ రంగు. రంగులో ఏ మూలకాలున్నాయో చెప్పే ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ పరీక్ష అక్కడ క్రోమియం చూపించింది. క్రోమియం కనబడగానే విరిడియన్ ఆకుపచ్చ అని రాసేయకూడదు, క్రోమ్ పసుపులోనూ అదే ఉంటుంది. అంచున ఉన్న పాత రాలుడు పక్క నుంచి ఆవగింజలో సగం కూడా లేని ముక్క తీసి, రెజిన్‌లో పొదిగి, సానబెట్టి చూస్తే పారదర్శకమైన ఆకుపచ్చ రేణువులు కనిపించాయి. లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తించే రామన్ పరీక్ష అవి విరిడియన్ అని ఖాయం చేసింది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గిన్యే దానికి పేటెంట్ తీసుకున్నది 1859లో. కాబట్టి చిత్రం అంతకు ముందుది కాకపోవచ్చు. స్కర్టు గంట ఆకారం ముందు వైపు చదునవుతూ వెనక్కి జరగడం మొదలైన తీరు, చేతుల కోత, జుట్టు ముడి 1860ల తొలి సగానికి సరిపోతాయి. దుస్తులను బట్టి తేదీ చెప్పేటప్పుడు పల్లెల్లో ఉండే ప్రభు కుటుంబాలు ఫ్యాషన్‌కు ఒకటి రెండేళ్లు వెనకే ఉంటాయని కలుపుకోవాలి. అందుకే 1861–1866 అని విశాలంగానే రాశాం.

వంశచిహ్నం నీలం డాలులో నెలవంక, దాని పైన ఆరు కోణాల నక్షత్రం. ఈ చిహ్నం పేరు లెలీవా. పేరు తెలిసిపోయిందని ఇంటివాళ్లు సంతోషించే చోటు ఇదే, జాగ్రత్త పడాల్సిన చోటూ ఇదే. పోలండ్‌లో ఒకే చిహ్నాన్ని రక్తసంబంధం లేని ఎన్నో కుటుంబాలు వాడతాయి. తర్నోవ్‌స్కీలూ, తిష్‌కియేవిచ్‌లూ, ఇంకా అనేక చిన్న భూస్వామి కుటుంబాలూ లెలీవా వాళ్లే. పైగా ఒకే డాలు ఉంది కాబట్టి అది పుట్టింటిదో, అత్తింటిదో చెప్పలేం. తొమ్మిది ముత్యాల కిరీటం కౌంట్ హోదాకు గుర్తు, ఆ బిరుదులు ఎక్కువగా పంపకం చేసుకున్న సామ్రాజ్యాల నుంచి వచ్చినవే. డాలు రంగు పాత వార్నిష్ కిందే ఉంది, నేపథ్యపు పగుళ్లు దాని గుండా తెగకుండా సాగాయి. తర్వాతెప్పుడో చేర్చినది కాదని అంతవరకే చెప్పగలం.

గౌను నలుపులో కాల్షియం, ఇనుము దొరికాయి. పొర ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే కాల్షియంతో పాటు ఫాస్ఫరస్ కూడా ఉంది కాబట్టి ఇది ఎముకల బొగ్గు నలుపు. మడతల చల్లని నీడల్లో ప్రష్యన్ నీలం కలిపాడు, ఇనుము అక్కడిదే. స్కర్టు కింది సగంలో వెడల్పాటి పగుళ్లు, అంచులు గుండ్రంగా, మధ్యలో ద్వీపాలు విడిపోయినట్టు ఉన్నాయి. ఇవి వయసు పగుళ్లు కావు, ఆరే దశలోనే వచ్చినవి. ఎముకల నలుపు నూనెలో చాలా నెమ్మదిగా ఆరుతుంది. కింద నూనె ఎక్కువున్న నల్ల పొర ఇంకా మెత్తగా ఉండగానే, పైన మాస్టిక్ అనే చెట్టు జిగురు, సీసం పట్టిన నూనె కలిపిన త్వరగా ఆరే గ్లేజ్ వేస్తే పై పొర ముందు బిగుసుకుని, కింది పొర మీద జారి చీలుతుంది. ఇలాంటి పగుళ్లు చూడగానే తారు రంగు అని రాయడం చాలా నివేదికల్లో అలవాటు. మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షలో ఇక్కడ తారు ఆనవాలు రాలేదు, మాస్టిక్ వచ్చింది. ఈ ఒక్క ఫలితమే మిగతా పనంతా నడిపించింది. పైన వార్నిష్‌లోనూ చెట్టు జిగురే, కింద రంగులోనూ చెట్టు జిగురే ఉంటే, వార్నిష్‌ను కరిగించే ద్రావకం రంగునూ కరిగిస్తుంది.

బ్రోచ్ కథ

అతినీలలోహిత కాంతిలో చిత్రమంతా పాత చెట్టు జిగురు వార్నిష్ ఆకుపచ్చగా మెరిసింది. ఛాతీ మీద సుమారు 15 × 11 సెం.మీ. మేర మాత్రం చీకటి మచ్చ. లేసు కుచ్చు, బ్రోచ్ రెండూ ఆ మచ్చలోనే ఉన్నాయి, అంటే వార్నిష్ పైన వేసిన రంగు. వెనకవైపు సరిగ్గా అదే చోట జంతు జిగురుతో అంటించిన గుడ్డ అతుకు. ఎక్స్‌రేలో ఎల్ ఆకారంలో 7 సెం.మీ. చిరుగు, దాని చుట్టూ రంగు రాలి పూడ్చిన ఖాళీలు కనిపించాయి. ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో బ్రోచ్ కింద నిలువుగా, అడ్డంగా పూసల వరుస: ఒక శిలువ.

ఇక్కడి దాకా ఇంటివాళ్ల కథ నిజమేననిపిస్తుంది. దేశశోకపు శిలువ, దాన్ని కప్పిన బంగారు బ్రోచ్. అయితే కప్పిన రంగు ఎప్పటిదో చూడాలి. దాని తెలుపులో సీసం దాదాపు లేదు, టైటానియం ఉంది. టైటానియం తెలుపు చిత్రకారుల రంగుల్లోకి వచ్చింది 1920ల ప్రాంతంలో. రామన్ పరీక్షలో అది రూటైల్ అనే స్ఫటిక రూపమని తేలింది, అది విరివిగా వాడుకలోకి వచ్చింది 1940ల నుంచే. ఇంకో సాక్ష్యం పరికరాలేవీ లేకుండానే కనిపిస్తుంది: ఆ రంగు కింది పొర వయసు పగుళ్లలోకి దిగి గట్టిపడింది. 1860లలోనే పూసి ఉంటే అప్పటికి నిండడానికి పగుళ్లే ఉండవు. అతుకు జిగురు చిరుగులోంచి ముందుకు కారి పూడిక కింద గడ్డకట్టింది కాబట్టి అతుకు, పూడిక, బ్రోచ్ మూడూ ఒకే మరమ్మతులో జరిగాయి.

శిలువను పోలీసుల నుంచి దాచలేదు. చిరిగి, రంగు రాలి, శిలువ సగం పోయాక, మిగిలినదాన్ని తిరిగి గీయడం కష్టమైన మరమ్మతుదారు దాని మీద లేసు కుచ్చు వేసి పని ముగించాడు. ఇది ఇంటివాళ్లకు నచ్చే మాట కాదు. అయినా రాతపూర్వకంగా, ఫొటోలతో సహా ఇవ్వాల్సిందే. కథను బట్టి నిర్ణయం తీసుకుని ఉంటే ఆ పైరంగు కూడా 1860ల చరిత్రే, తీయకూడదు అనే వాదన బలంగా ఉండేది. 20వ శతాబ్దపు మరమ్మతుగా తేలాక ఆ వాదన నిలవలేదు. చిత్రం అర్థాన్నే మార్చేసిన పైరంగు, కింద అసలు రంగు చాలావరకు భద్రం, మధ్యలో పాత వార్నిష్ అడ్డుపొరగా ఉంది. ఈ మూడూ కలిసిన చోటే తీయడం సమంజసం. వీటిలో ఏది లేకపోయినా తీయాలని చెప్పేవాళ్లం కాదు.

గుడ్డను, రంగు పొరలను నిలబెట్టడం

లేచిన రంగును ముందు అంటించాలి, ఆ తర్వాతే మిగతావి. కింది అంచున రంగు రేకులు లేచి ఉన్నాయి. కారణం వెనక దొరికింది: కాన్వాస్‌కు, చట్రం కింది కడ్డీకి మధ్య సున్నం పెళ్లలు, చట్రం మూలల్ని బిగించే చెక్క చీల ఒకటి, దుమ్ము చేరి గుడ్డను ముందుకు ఉబ్బించాయి. రేకుల మీద 3% స్టర్జన్ చేప జిగురును 40 డిగ్రీల వద్ద సన్న కుంచెతో అంచుల నుంచి దింపి, సిలికాన్ పూసిన పాలియెస్టర్ ఫిల్మ్ అడ్డం పెట్టి, 45–50 డిగ్రీల స్పాచులాతో నెమ్మదిగా కూర్చోబెట్టాం. ఆరేదాకా చిన్న బరువులు. ఈ పని అయ్యాకే వెనక చెత్తను వంగిన సన్న కత్తితో, చిన్న వాక్యూమ్‌తో తీశాం. వరుస తిరగేస్తే, చెత్త లాగేటప్పుడు వచ్చే కదలికకు రేకులు రాలిపోతాయి.

అతుకు తీయడానికి నీరు కావాలి. నీరే ఈ కాన్వాస్‌కు శత్రువు కూడా. నేత బిగువుగా ఉండి, కింద జిగురు పూత ఉన్న గుడ్డ తడిస్తే ముడుచుకుపోతుంది, దాని మీది రంగు గుడారంలా లేచి రాలుతుంది. ముందు మేకుల అంచున ఒక చుక్క వేసి దారాలు ముడుచుకుంటున్నాయో లేదో చూశాం. కొద్దిగా ముడుచుకున్నాయి. అందుకని నీటిని వదులుగా వదలని 5% అగరోజ్ గట్టి జెల్‌ను చిన్న ముక్కలుగా కోసి, అతుకు మీద ఒక్కో ముక్కను పది నిమిషాలకు మించకుండా ఉంచి, జిగురు మెత్తబడినంత మేర మాత్రమే గుడ్డను వెనక్కి మడుస్తూ లాగాం. మిగిలిన జిగురును స్కాల్పెల్‌తో గీకాం. మధ్యమధ్య ముందువైపు చూసుకుంటూ ఉండాలి. వార్నిష్ పాలలా తెల్లబడితే తేమ లోపలికి చేరినట్టే.

చిరుగు అంచులు దాదాపు 2 మి.మీ. ఎడంగా ఉన్నాయి. దారాలు ఏళ్ల తరబడి వంకర తిరిగి ఉండడంతో, ఉన్నపళంగా కలిపితే ముందువైపు గట్టు లేస్తుంది. నీటిని ఆపి ఆవిరిని వదిలే గోర్‌టెక్స్ గుడ్డ అడ్డంగా తడి బ్లాటింగ్ కాగితం పెట్టి, ఆవిరి మాత్రమే చేరేలా చేసి, ఆపై బరువు కింద చదును చేశాం. తర్వాత జర్మన్ కన్సర్వేటర్ విన్‌ఫ్రీడ్ హైబర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో దారం దారం కలపడం. జిగురు: 20% స్టర్జన్ జిగురు, 13% గోధుమ పిండి గంజి సమభాగాలు. మైక్రోస్కోపు కింద తెగిన దారపు రెండు కొనలను నేత వరుస ప్రకారం పైకి కిందికి అల్లి, చుక్క జిగురు పెట్టి, వెచ్చని సూదితో ఆరబెట్టాలి. కొనలు అందని చోట నార దారపు చిన్న తుంపు అడ్డుగా వేశాం. వెనక కొత్త అతుకు వేయలేదు. పాత అతుకు చేసిన నష్టమే కారణం: గుడ్డ ఒకచోట మందంగా, గట్టిగా ఉంటే వాతావరణం మారినప్పుడు చుట్టూ ఉన్నది కదులుతుంది, అది కదలదు. కొన్నేళ్లకు అతుకు ఆకారం ముందువైపు అచ్చు వేసినట్టు కనిపిస్తుంది.

శుభ్రత

పైమురికికి 1% ట్రైఅమోనియం సిట్రేట్, పీహెచ్ 7 దగ్గర, దూది పుల్ల మీద పిండి వాడి, తర్వాత రెండుసార్లు డీఅయనైజ్డ్ నీటితో తుడిచాం. ముఖం, చేతులు, నేపథ్యం, గౌను పై భాగం ఇలా సరిపోయాయి. స్కర్టు కింది పగుళ్ల ప్రాంతంలో నీటి పుల్ల పెట్టలేదు, ఆ వెడల్పు పగుళ్లలోంచి తడి నేరుగా ప్రైమింగ్ కింది జిగురును చేరుతుంది. అక్కడ పొడి మేకప్ స్పాంజి ముక్కలతోనే సరిపెట్టుకున్నాం.

వార్నిష్ తీయడానికి ఐసోఆక్టేన్ అనే బలహీన ద్రావకంలో ఇథనాల్ కొద్దికొద్దిగా పెంచుతూ పరీక్షించాం. 10 శాతానికి ఏమీ కదల్లేదు. 25 శాతానికి ముఖం మీద, లేసు మీద వార్నిష్ పసుపుగా పుల్లకు రావడం మొదలైంది, 40 శాతానికి శుభ్రంగా వచ్చింది, కింది రంగు చెక్కుచెదరలేదు. అదే 25 శాతానికి గౌను మీద పుల్ల ముదురు గోధుమగా మారింది.

ఈ గోధుమ రంగు దేనిది? పుల్లను పారేయకుండా రెండు పనులు చేయాలి. అతినీలలోహిత దీపం కింద చూస్తే వార్నిష్ అయితే ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆపై దూదిని గాజు పలక మీద నొక్కి మైక్రోస్కోపులో చూస్తే వార్నిష్‌లో రేణువులుండవు, రంగు అయితే నల్ల గరుకు రేణువులుంటాయి. ఇక్కడ మెరుపూ ఉంది, రేణువులూ ఉన్నాయి. వార్నిష్‌తో పాటు గ్లేజ్ కూడా వస్తోందన్నమాట. 15 శాతానికి తగ్గించి, పుల్లను ఒకటి రెండుసార్లు మాత్రమే దొర్లించి, వెంటనే ఉత్త ఐసోఆక్టేన్‌తో తుడిస్తే వార్నిష్ పై భాగం మాత్రమే వచ్చింది, రేణువులు ఆగిపోయాయి. గౌను అంతటా ఇదే చేశాం. అంటే నలుపు మీద పాత వార్నిష్ పలుచని పొర అలాగే ఉండిపోయింది, కావాలనే ఉంచాం. ముఖం మీద పూర్తిగా తీసి, గౌను మీద సగం ఉంచితే ఎగుడుదిగుడు కదా అని అడిగేవాళ్లుంటారు. పసుపు పొర తెలుపు మీద ఎంత తేడా చేస్తుందో నలుపు మీద అంత చేయదు. గ్లేజ్ ఒకసారి పోతే మళ్లీ రాదు.

బ్రోచ్ పైరంగుకు ఇథనాల్ పనిచేయలేదు. 2% జాంథన్ గమ్ జెల్‌లో 10% బెంజైల్ ఆల్కహాల్ కలిపి, గోరంత మేర పెట్టి, మూడు నిమిషాలకు తీసేసి, మెత్తబడిన పైపొరను 15 నంబరు స్కాల్పెల్‌తో మైక్రోస్కోపు కింద గీకాం. అడుగున పాత వార్నిష్ కనిపించగానే ఆగాలి. పగుళ్లలో దిగినది మొత్తం తవ్వి తీయాలని చూడకూడదు, అంచులు విరుగుతాయి. కొంత తెల్లని గీతలుగా మిగిలింది, దాన్ని తర్వాత రీటచింగ్‌లో, అంటే పాడైన చోట్ల రంగు కలిపేటప్పుడు, అణచాం.

బయటపడిన శిలువ గుండ్రని నల్ల పూసలది. ఒక్కో పూస మీద బూడిద నీలం చుక్క ఒకటి, అన్నీ ఒకే దిక్కున. చర్మం మీద దాని నీడ కూడా పలుచగా ఉంది. చిరుగు శిలువ కింది చేయి గుండా పోయింది. అక్కడ 11 మి.మీ. మేర రంగు లేదు, కానీ కొన పూస మిగిలింది.

పూడిక, రీటచింగ్, వార్నిష్

కొన పూస దొరకడం వల్లే పోయిన భాగాన్ని తిరిగి వేశాం. పొడవు తెలుసు, పూస పరిమాణం తెలుసు, వెలుగు దిక్కు తెలుసు, ఊహించాల్సింది ఏమీ మిగల్లేదు. కొన లేకపోతే ఆ ఖాళీని చర్మం రంగులో నిశ్శబ్దంగా కలిపి, శిలువను విరిగినట్టే వదిలేవాళ్లం.

పూడికకు 8% జెలటిన్‌లో సుద్ద. ఆరాక తడి కార్క్‌తో చదును చేసి, చుట్టూ ఉన్న కాన్వాస్ నేత గుర్తును సూదితో దించాం. నలుపులో వచ్చే పూడికలకు మామూలు తెల్ల సుద్ద కాకుండా కొద్దిగా అంబర్ (ముదురు గోధుమ మట్టి రంగు) కలిపిన సుద్ద మంచిది. రీటచింగ్ తర్వాతెప్పుడైనా గీత పడినా తెల్లగా పలకదు.

పూడికలకు, అసలు రంగుకు మధ్య పలుచని పారలాయిడ్ బి-72 (తిరిగి కరిగించి తీయగల యాక్రిలిక్ రెజిన్) పొర, దాని మీద లారోపాల్ ఎ81 రెజిన్‌తో చేసిన రీటచింగ్ రంగులు. నలుపును నలుపుతో రీటచ్ చేస్తే సరిపోదు. ట్యూబులోని నలుపు ఒక్కటే వేస్తే పగటి వెలుతురులో కలిసినట్టున్నది ఎల్‌ఈడీ దీపం కింద నీలం మచ్చగా బయటపడుతుంది. ముందు వెచ్చని గోధుమ నలుపు, దాని మీద ఎముకల నలుపు, చివర ప్రష్యన్ నీలం పలుచని గ్లేజ్, అంటే చిత్రకారుడు వెళ్లిన దారిలోనే వెళ్లాలి. రెండు రకాల దీపాల కింద సరిచూడాలి. నలుపులో కంటికి ముందు తగిలేది వర్ణం తేడా కాదు, మెరుపు తేడా. రంగు సరిగ్గా కలిసినా ఆ చోట మెరుపు కాస్త తక్కువగా ఉంటే పక్క నుంచి చూసినప్పుడు మచ్చే. స్కర్టు వెడల్పు పగుళ్లను పూడ్చలేదు. వాటిలో కంటికి కొట్టే గోధుమ అడుగును మాత్రం చుక్కలతో ముదురు చేశాం.

చివరి వార్నిష్ రెగల్‌రెజ్ 1094 అనే కృత్రిమ రెజిన్, వైట్ స్పిరిట్‌లో 20%, వెలుతురుకు పాడవకుండా రెజిన్ బరువులో 2% టినువిన్ 292. దీని అణువులు చిన్నవి కాబట్టి ఎండిపోయినట్టు బూడిదగా కనిపించే నలుపు లోపలికి చేరి లోతు తెస్తుంది. పెద్ద అణువుల రెజిన్ పైపైనే ఉండి అద్దంలా మెరుస్తుంది గానీ నలుపు లోతు రాదు. ఒక పొర కుంచెతో, రెండోది మెరుపు సమం చేయడానికి పలుచని స్ప్రే. స్ప్రే దూరం ఎక్కువైతే చుక్కలు గాల్లోనే ఆరి గౌను మీద బూజులా కూర్చుంటాయి, నలుపు మీద అది వెంటనే తెలుస్తుంది. మొత్తం పనిలో గౌనుకు "వెలుగు" వచ్చింది ఈ దశలోనే. మడతలు, పట్టు గుడ్డ మీది నీటి అలల గీతలు, నడుము దగ్గర కుట్ల వరుస ఇప్పుడు కనిపిస్తున్నాయి. అవి వార్నిష్ తీస్తే వచ్చినవి కావు, కొత్త వార్నిష్‌తో నలుపు సరిగ్గా తడిస్తే వచ్చినవి.

బిగింపు, నిల్వ

మేకుల అంచులు తుప్పు వల్ల బలహీనపడ్డాయి. వేడికి అంటుకునే బేవా 371 జిగురు ఫిల్మ్‌తో పాలియెస్టర్ గుడ్డ పట్టీలను 65 డిగ్రీల వద్ద అంచులకు మాత్రమే అంటించి, పాత చట్రం మీదే తిరిగి బిగించాం. మూలల చెక్క చీలలను నైలాన్ దారంతో కట్టాం, మళ్లీ ఊడి కాన్వాస్ వెనక పడకుండా. వెనక పాలీప్రొపిలీన్ బోర్డు, ముందు ప్రతిబింబం తక్కువుండే లామినేటెడ్ గాజు. నల్ల చిత్రానికి మామూలు గాజు పెడితే చూసేవాళ్లకు తమ ముఖమే కనిపిస్తుంది. వెలుతురు 150–200 లక్స్, తేమ 45–55 శాతం.

పోలండ్ ఇళ్లలో అసలు గండం చలికాలం. హీటింగ్ వేయగానే గదిలో తేమ 30 శాతం కంటే కిందికి పడి కాన్వాస్ బిగుసుకుంటుంది, వసంతంలో మళ్లీ వదులవుతుంది. చిత్రాన్ని రేడియేటర్ పైన గానీ, బయటి గోడకు నేరుగా ఆనించి గానీ వేలాడదీయొద్దని, గోడకు చిత్రానికి మధ్య 2 సెం.మీ. గాలి ఆడేలా ఉంచమని రాసిచ్చాం.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నలాంటి యూరోపియన్ తైలవర్ణ చిత్రాలనో, కోస్తా జమీందారీ బంగళాల్లోని పోర్ట్రెయిట్లనో చూసుకునేవాళ్లకు ఇదే సమస్య తిరగబడి ఎదురవుతుంది. అక్కడ గండం వానాకాలపు తేమ: వెనక బూజు, జిగురు మెత్తబడి కాన్వాస్ వేలాడటం. వేలాడిందని మూలల చీలలు కొట్టి బిగిస్తారు. వేసవి రాగానే అదే కాన్వాస్ మూలల దగ్గర చీలుతుంది. నల్ల దుస్తుల చిత్రమైతే, మాస్టిక్ కలిసిన నలుపు మే నెల వేడికి మెత్తబడి దుమ్మును పట్టేసుకుంటుంది. తర్వాత ఆ దుమ్మును ద్రావకంతో తుడిచేవాళ్లు గ్లేజ్‌నూ తుడిచేస్తారు. అలాంటి చిత్రానికి చీలలు కొట్టే ముందు వెనక బోర్డు, ముందు గాజు పెట్టించడం చౌక, మేలు కూడా.

ఈ చిత్రం చీటీ మీద చివరికి పేరు లేదు. "నల్ల దుస్తుల్లో స్త్రీ, లెలీవా చిహ్నంతో, చిత్రకారుడు తెలియదు, 1861–1866, కాన్వాస్‌పై తైలవర్ణం" అని రాసి వెనక బోర్డుకు అంటించాం. తీసేసిన బ్రోచ్ ఫొటో, రామన్ గ్రాఫు, ఎక్స్‌రే, వార్నిష్ ఉంచేసిన ప్రాంతాల మ్యాపు ఒక కవరులో పెట్టి ఇంటివాళ్లకు ఇచ్చాం, నకలు ఫైల్లో ఉంది. మళ్లీ చూడాల్సినవి మూడు చోట్లు: చిరుగు కలిపిన గీత వెంట ముందువైపు గట్టు లేస్తోందా, కింది కడ్డీ దగ్గర మళ్లీ చెత్త చేరుతోందా, స్కర్టు పగుళ్లు వెడల్పవుతున్నాయా. మూడో దానికోసం పది పగుళ్లను కొలమానంతో సహా దగ్గరగా ఫొటో తీసి, వాటి చోట్లు మ్యాపులో గుర్తించి ఉంచాం.